నవ్వుల జంట

గద్వాల చీరను పరికించినవారికి ఒక విశేషము గోచరించును. సంప్రదాయమైన ఆ చీర నడుమ నూలు. అంచు, కొంగు పట్టు. నేతగాడు ఆ రెంటిని నేర్పుతో కలిపి నేయుటచేతనే దానికి అందము కలిగినది. తెలుగు చలనచిత్రములలో రేలంగి, రమణారెడ్డిగారల జంటయు అట్టిదే.

రేలంగిగారు స్థూలకాయులు, రమణారెడ్డిగారు బక్కపలుచనివారు. ఒకరు పలుకునపుడు రెండవవారు విని, తగిన ముఖభావముతో ఆ పలుకునకు బలము చేకూర్చెడివారు. నూలు పట్టును మరుగుపరుపలేదు. పట్టు నూలును చిన్నబుచ్చలేదు. రమణారెడ్డిగారు 1974లోను, రేలంగిగారు 1975లోను కీర్తిశేషులైరి. అయినను వారి చిత్రములు నేటికిని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణములలోని ఇండ్లలో తాతలను, మనుమలను ఒక్కతీరుగ నవ్వించుచున్నవి.

ఇందులకు వారి ఆకారములే కారణమని కొందరందురు. అది సరికాదు. ఆకారమును చూచి పుట్టిన నవ్వు క్షణములో ఆరిపోవును. 'మిస్సమ్మ' (1955)లో రమణారెడ్డిగారి డేవిడు, అప్పు నెపమున మేరీని పెండ్లాడగోరును. 'మాయాబజారు' (1957)లో రేలంగిగారి లక్ష్మణకుమారుడు గొప్పలు పలుకుచునే బెదరిపోవును. మనము నవ్వునది దురాశను, డంబమును చూచి. సన్నని లారెలు, లావైన హార్డీ 1932 నాటి చిత్రమున పియానోను మెట్లపైకి చేర్చుటకు పడిన పాట్లు నేటికిని నవ్వించుటయు వారి మొండితనము వలననే. ఆ దోషములు మనయందును కలవు. కావుననే ఆ నవ్వు పాతబడదు.

లావుగనున్న తోటి విద్యార్థిని చూచి నవ్వుట సులభము. కాని ఆ నవ్వు వానిని ఏడిపించును. తన లోపమును తాను గుర్తించి నవ్వగలుగుటయే సంస్కారము. ఈ జంట మనకు నేర్పిన పాఠమిదియే.