దూరం ఎక్కువ.. టైం తక్కువ!

'టైం అండ్ డిస్టెన్స్' లెక్కలు చేయకుండా క్యాంపస్ సెలక్షన్ దాటిన ఇంజినీరింగ్ స్టూడెంట్ ఉండడు. దూరాన్ని వేగంతో భాగించు, ఆన్సర్ టిక్ పెట్టు, తర్వాతి ప్రశ్నకు వెళ్లు. పరీక్షకైతే ఇది చాలు. అదే అలవాటుతో అమెరికా టికెట్ కొంటేనే చిక్కు.

ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి గ్లోబు మీద దారం పెట్టి కొలిస్తే సుమారు 12,400 కిలోమీటర్లు. ఎయిరిండియా విమానం అట్లాంటిక్ మీదుగా వెళ్లే దారి దాదాపు 13,900. 2016 అక్టోబరులో ఆ సంస్థ రూటు మార్చి పసిఫిక్ మీదుగా నడిపింది. ఆ దారి 15,300 కిలోమీటర్లు. మన ఫార్ములా ప్రకారం ఇంకో గంటన్నర ఎక్కువ పట్టాలి కదా? పద్నాలుగున్నర గంటల్లో, అంటే అంతకుముందు కంటే దాదాపు రెండు గంటలు ముందే దిగిపోయింది!

కారణం గాలి. పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలులు వీస్తుంటాయి. తూర్పుకు వెళ్లే విమానాన్ని అవి వెనక నుంచి తోస్తాయి, పడమరకు వెళ్లేదానికి ఎదురొస్తాయి. గోదావరిలో పడవ సంగతే ఇది. తమాషా ఏంటంటే, మన ఆప్టిట్యూడ్ పుస్తకంలో 'బోట్స్ అండ్ స్ట్రీమ్స్' కూడా ఉంది. రెండు చాప్టర్లనూ కలిపి చూడమని ఏ కోచింగ్‌లోనూ చెప్పరు. నాకు కోపం వచ్చేది అక్కడే.

గాలి ఒక్కటే కాదు, రాజకీయాలూ దారి మారుస్తాయి. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేశాక, ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే కొన్ని సర్వీసులు చుట్టు తిరిగి, ఆయిల్ కోసం యూరప్‌లో ఆగాల్సి వచ్చింది. ఊళ్లు కదల్లేదు, మ్యాపులో దూరం మారలేదు. గంటలు మాత్రం పెరిగాయి.

కాబట్టి ఎంఎస్‌కి వెళ్లే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ.. టికెట్ మీద టైములు చూసి ప్రయాణం ఎంతో తేల్చేయకండి. అవి ఏ ఊరివి ఆ ఊరి టైములు. వేసవిలో శాన్‌ఫ్రాన్సిస్కో మనకంటే పన్నెండున్నర గంటలు వెనక. తెల్లవారుజామున 4కి ఎక్కి 16 గంటలు ప్రయాణించినా, అదే రోజు పొద్దున ఏడున్నరకి దిగినట్టు కనిపిస్తుంది!

అసలు జాగ్రత్త కనెక్షన్ దగ్గర కావాలి. అమెరికాలో మొదట దిగిన ఎయిర్‌పోర్టులోనే సాధారణంగా ఇమిగ్రేషన్ అవ్వాలి, లగేజీ తీసుకుని మళ్లీ అప్పగించాలి. అక్కడ గంటన్నర గ్యాప్ ఉన్న టికెట్ ఎంత చౌకగా దొరికినా నేనైతే కొనను. ఇక రెండు వేర్వేరు టికెట్లు కొని కలుపుకోవడం ఇంకా రిస్కు. మొదటిది లేటై రెండోది తప్పిపోతే, ఆ రెండో సంస్థ ఉచితంగా ఇంకో ఫ్లైట్ ఇవ్వాల్సిన పని లేదు. అప్పటికప్పుడు కొనే టికెట్ రేటు ఎంతుంటుందో ఇప్పుడే ఒకసారి చూసి, ఆ తర్వాత బుక్ చేయండి.