యుద్ధం మొదలైందనేదెవరు? అయిపోయిందనేదెవరు?



2025 మే నెలలో సరిహద్దున దాడులు సాగిన ఆ నాలుగు రోజులూ కోడంబాక్కం స్టేషను దగ్గర టీకొట్లలో ఒకటే ప్రశ్న వినిపించింది. "యుద్ధం ప్రకటించారా, లేదా?" ప్రకటించలేదు. పార్లమెంటులో దానిపై పూర్తి చర్చ జూలై ఆఖరున గాని జరగలేదు. మన పేట స్టూడియోల్లో తీసిన జానపద చిత్రాల్లోనైతే రాజుగారు కొలువులో లేచి "యుద్ధం" అంటాడు, భేరి మోగుతుంది. ప్రజాస్వామ్యంలో ఆ కొలువు శాసనసభ. అక్కడ ఈ మాట తేలడం, తేలకపోవడం పెద్దవాళ్ల వ్యవహారమని మనం ఊరుకోరాదు. మన సమ్మె హక్కు దానితో ముడిపడి ఉంది.

1939 సెప్టెంబరు 3న బ్రిటన్ జర్మనీపై యుద్ధం ప్రకటించింది. అదే రోజు వైస్రాయి లిన్‌లిత్‌గో భారతదేశం కూడా యుద్ధంలో ఉన్నదని ప్రకటించాడు. ఢిల్లీలో కేంద్ర శాసనసభ ఉన్నది, దాన్ని అడగలేదు. కెనడా కూడా ఆ సామ్రాజ్యంలోదే. అక్కడ పార్లమెంటు సమావేశమై చర్చించాక సెప్టెంబరు 10న ప్రకటన వెలువడింది. దక్షిణాఫ్రికాలో, అది తెల్లవారి సభే అయినా, 80–67 ఓట్లతో విషయం తేలింది. మనకు ఆ మర్యాద కూడా దక్కలేదు. దానికి నిరసనగా అక్టోబరు ఆఖరులో ఇక్కడ మద్రాసులో రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేసింది. అందులో కార్మిక శాఖ చూసినవారు మన వి.వి. గిరి గారు.

అడగకుండా తెచ్చిన యుద్ధమే అయినా బరువు మోయక తప్పలేదు. 1942 జనవరిలో భారత రక్షణ నిబంధనల్లో 81-ఎ చేర్చి, సమ్మెలను నిషేధించే అధికారం సర్కారు చేతిలోకి తీసుకున్నది. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి.

"శత్రువు చెప్పి వస్తాడా? సభ కూర్చునేదాకా ఆగుతామా?" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 1941 డిసెంబరు 7న జపాను పెర్ల్ హార్బర్ మీద దాడి చేసింది. మరునాడే అమెరికా కాంగ్రెసు సమావేశమై ఓటు వేసింది. ప్రతినిధుల సభలో 388 మంది అవునన్నారు. కాదన్నది ఒక్కరే, జెన్నెట్ రాంకిన్ అనే మహిళ. మనసుంటే సభ ఒక్కరోజులో కూర్చోగలదు. అయితే ఆ దేశంలోనూ లాంఛనంగా యుద్ధం ప్రకటించడం 1942 జూన్‌తో ఆగిపోయింది. కొరియా, వియత్నాం యుద్ధాలు ప్రకటన లేకుండానే జరిగాయి.

మన రాజ్యాంగంలో "యుద్ధము, శాంతి" కేంద్ర జాబితాలో 15వ అంశం. సభ తీర్మానించాకనే యుద్ధానికి దిగాలన్న నియమం మాత్రం లేదు. నిర్ణయం మంత్రివర్గానిది. 1962 అక్టోబరు 20న చైనా దాడి మొదలైతే పార్లమెంటు నవంబరు 8న సమావేశమైంది. 1999లో కార్గిల్‌లో పోరాటం సాగుతుండగా లోక్‌సభే లేదు. ఏప్రిల్‌లోనే రద్దయింది. రాజ్యసభను ప్రత్యేకంగా పిలవమని ప్రతిపక్షాలు అడిగినా పిలవలేదు. ఆ రోజుల్లో నేను పనిచేసే మిల్లులో బోనసు మాట ఎత్తితే, "దేశం యుద్ధంలో ఉంటే మీకు బోనసా?" అన్నారు. యుద్ధం జూలైలో ముగిసింది. మా బోనసు మాట మాత్రం దీపావళి దాటినా తేలలేదు.

అంతకన్నా పెద్ద పాఠం 1971ది. డిసెంబరు 3న అత్యవసర పరిస్థితి ప్రకటన వెలువడింది. రాష్ట్రపతి అప్పుడు ఆ గిరి గారే. మరునాడే పార్లమెంటు ఆమోదించింది, అది సబబే. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సేన లొంగిపోయింది. పదమూడు రోజుల్లో యుద్ధం ముగిసింది. ప్రకటన మాత్రం 1977 మార్చి దాకా రద్దు కాలేదు. ఒకసారి ఆమోదిస్తే మళ్లీ సభను అడగనక్కరలేదన్నది అప్పటి పద్ధతి. 1974 మేలో రైల్వే కార్మికులు సమ్మెకు దిగినప్పుడు వారిపై ప్రయోగించింది ఆ భారత రక్షణ నిబంధనలనే. వేలాదిమందిని జైళ్లలో పెట్టారు. తుపాకులు మూగబోయి రెండేళ్లు దాటాక, యుద్ధం పేరున చేసిన కట్టడి కార్మికుడి మెడకు చుట్టుకున్నది!

1978లో 44వ సవరణ వచ్చాక కొంత మేలు జరిగింది. ఇప్పుడు అటువంటి ప్రకటనకు నెలలోగా పార్లమెంటు ఆమోదం కావాలి, ఆరు నెలలకోసారి మళ్లీ కావాలి. లోక్‌సభలో పదోవంతు సభ్యులు నోటీసు ఇస్తే రద్దు విషయం తేల్చడానికి సభను పిలవాలి.

మన సంఘంలో సమ్మె ఎలా చేస్తాం? సర్వసభ్య సమావేశం పిలుస్తాం, ఓటు వేస్తాం, నోటీసు ఇస్తాం. విరమించాలన్నా మళ్లీ సమావేశంలోనే చెబుతాం. కార్యదర్శి ఒక్కడు నిర్ణయిస్తే మీరు ఊరుకుంటారా? కూలి డబ్బుల పోరాటానికే ఇంత పద్ధతి ఉంటే, ప్రాణాలతో కూడిన పనికి ఎంత ఉండాలి?

సరిహద్దున నిలబడ్డ జవాను మన ఇంటి బిడ్డే. అతని పట్ల గౌరవంతోనే మూడు మాటలు అంటున్నాం. పోరాటం మొదలైన వారంలోగా పార్లమెంటును పిలవాలి. ముగిసిన తేదీని ఆ సభలోనే చెప్పాలి. యుద్ధం పేరిట పెట్టిన ఆంక్షలన్నీ ఆ తేదీతో పోవాలి. మీ గేటు మీటింగుల్లో ఈ మాట చర్చించండి. ఓటు అడగడానికి వచ్చే ప్రతి అభ్యర్థినీ దీని మీద నిలదీయండి.