ఫోను మోగించేదొకరు, జరిమానా కట్టేదొకరు

ఆటో నడిపే ఒక స్త్రీని కళ్ళముందుకు తెచ్చుకుందాం. హైదరాబాద్‌లో సాయంత్రపు రద్దీ. హ్యాండిల్ దగ్గర పెట్టుకున్న ఫోను మోగుతుంది. కొత్త గిరాకీ! కొన్ని సెకన్లలో నొక్కకపోతే అది ఇంకొకరికి పోతుంది. నొక్కిన మరుక్షణం ప్రయాణికుల ఫోను, "ఎక్కడున్నారు, ఇంకెంతసేపు?" అంటూ. ఈలోగా బడి నుంచి వచ్చిన పిల్ల ఇంటి దగ్గర నుంచి చేస్తుంది. ఫోను చేతిలోకి తీసుకున్న క్షణాన కూడలిలో ఫోటో తీస్తారు. చలానా బండి నంబరు మీద పడుతుంది.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ప్రకారం, బండి నడుపుతూ ఫోను చేతబట్టుకుని వాడటం ప్రమాదకరమైన డ్రైవింగ్. మొదటిసారి 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా రెండూ. మూడేళ్ళలోపు మళ్ళీ పట్టుబడితే 10,000 రూపాయలు, లేదా రెండేళ్ళ వరకు జైలు, లేదా రెండూ. దారి చూసుకోవడానికి మాత్రం, అదీ ఏకాగ్రత చెదరకుండా, ఫోను వాడుకోవచ్చని 2020 అక్టోబరు నుంచి కేంద్ర నిబంధనలు అనుమతించాయి.

ఈ చట్టం వద్దని మనం అనడం లేదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. పోయినవారి వెనక మిగిలిన సంసారాల్ని ఈదేది ఎక్కువగా స్త్రీలే. రోడ్డు భద్రత మన సమస్యే. అయితే చట్టం ఫోను పట్టుకున్న చేతినే చూస్తోంది. ఆ ఫోనును మోగించిన కంపెనీని చూడటం లేదు.

దారి చూసుకోవడం ఈ పనిలో ఒక భాగం మాత్రమే. గిరాకీ ఒప్పుకోవడం, ఓటీపీ కొట్టడం, ప్రయాణికులతో మాట్లాడటం, అన్నీ ఫోనులోనే. ఫోను ముట్టుకోకుండా ఈ పని చేయడం సాధ్యమేనా? పని పద్ధతిని నిర్ణయించేది కంపెనీ. కానీ చలానా వచ్చేసరికి "డ్రైవరు మా ఉద్యోగి కాదు, భాగస్వామి" అంటుంది. లాభంలో లేని భాగస్వామ్యం జరిమానాలో ఎక్కడి నుంచి వచ్చింది?

స్త్రీల విషయంలో చిక్కు మరింత లోతైనది. ఆమెకు ఫోను రక్షణ కూడా. తానెక్కడుందో ఇంట్లోవాళ్ళకు తెలిసేది దానివల్లే. "పక్కకు ఆపి మాట్లాడొచ్చు కదా" అనే సలహా మగవాళ్ళు ఇచ్చినంత తేలిక కాదు. రాత్రి పదింటికి దీపం లేని రోడ్డు పక్కన ఒంటరి స్త్రీ ఎక్కడ ఆపాలి? పైగా పిల్లలకు జ్వరమొచ్చినా, అత్తగారికి మందు కావాలన్నా ఫోను తల్లికే వస్తుంది, తండ్రికి కాదు.

భర్త బండి నడిపే ఇళ్ళలోనూ జరిమానా భారం ఆడవాళ్ళదే. కిస్తీ ఆపలేరు కాబట్టి కూరల ఖర్చు తగ్గుతుంది, చీటీ డబ్బు కరుగుతుంది. 2023 డిసెంబరులో తెలంగాణలో పేరుకుపోయిన చలానాల మీద ద్విచక్ర, మూడు చక్రాల వాహనాలకు 80 శాతం తగ్గింపు ప్రకటించారు. అయిదింట నాలుగు వంతులు వదులుకుంటే తప్ప వసూలు కాని జరిమానా ఎవరిని మార్చినట్టు?

మనం అడగాల్సినవి ఇవి. బండి కదులుతుండగా యాప్ కొత్త గిరాకీ పంపకూడదు. బండి వేగం ఆ ఫోనుకు తెలుసు. ఆగిన తర్వాత అడగాలి, ఆలోచించుకునే వ్యవధి ఇవ్వాలి. గిరాకీ వదులుకున్నందుకు ఐడీ బ్లాక్ చేయకూడదు. కదిలే బండికి కంపెనీ గిరాకీ పంపిన నిమిషంలోనే చలానా పడితే, ఆ జరిమానా కంపెనీయే కట్టాలి. ఏ క్షణాన ఏం పంపిందో దాని లెక్కల్లో ఉంటుంది. వెలుతురు, మరుగుదొడ్డి ఉన్న ఆగే చోట్లు నగరపాలక సంస్థలు ఏర్పాటు చేయాలి. నిబంధనలు రాసేచోట బండి నడిపే స్త్రీలు కూర్చోవాలి.

సంఘాల్లో పనిచేసే మిత్రులు ఒక పని మొదలుపెట్టవచ్చు. చలానా పడిన రోజు, సమయం, ఆ నిమిషంలో ఫోను ఎందుకు తీయాల్సి వచ్చిందో డ్రైవర్లను రాసిపెట్టుకోమనండి. ఆ కాగితాలు పోగైతే తప్పెవరిదో అడగడానికి మన చేతిలో ఆధారం ఉంటుంది.