ఆ తుప్పు రేకును పారేయకండి

కమ్మరి కొలిమిని మీలో ఎందరు చూశారు? కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో అది ఇంకా అక్కడక్కడా కనిపిస్తుంది. ఈసారి చూసినప్పుడు నిప్పును కాదు, నిప్పుకూ తిత్తికీ నడుమ ఉన్న చిన్న మట్టిగోడను చూడండి. దాని అడుగున ఒక రంధ్రం ఉంటుంది. గాలి అందులోంచి నిప్పులోకి పోతుంది, వేడి మాత్రం వెనక్కు రాదు. ఆ గోడ లేకపోతే తోలుతిత్తి నాలుగు రోజులు కూడా మన్నదు. వేడి వస్తువుకూ, వేడి తగలకూడని వస్తువుకూ మధ్య ఏదో ఒకటి అడ్డం ఉండాలని కమ్మరికి ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదు.

పాత మోటారు కారును బాగుచేయించే పెద్దమనుషులు ఈ మట్టిగోడ వంటి దానినే అన్నిటికన్నా ముందు పారేస్తున్నారని నా ఫిర్యాదు. కారు ఇంజిన్‌లో కాలిన వాయువులు ఒక ఇనుప గొట్టం ద్వారా కారు కింది నుంచి వెనక్కు పోతాయి. ఆ గొట్టానికీ కారు నేలరేకుకూ మధ్య బిగించే పలుచని లోహపు రేకే ఉష్ణకవచం. అది తుప్పు పడుతుంది, వదులైతే గలగలమంటుంది, అందంగా ఉండదు. పైగా కారు కింద ఉండేదాన్ని ఎవరు చూడొచ్చారు? అందుచేత దానికి విలువ లేదు.

ఇతరులను అనేముందు నా తప్పు ఒప్పుకుంటాను. కరీంనగర్‌లో నా మిత్రుడొకాయనకు తండ్రిగారి నాటి అంబాసిడర్ కారు ఉంది. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాపై కలకత్తా దగ్గరి ఉత్తర్‌పారాలో 1957లో మొదలై, 2014లో తయారీ ఆగిపోయిన కారు అది. మిత్రుడు దానికి ఏడాదిపాటు మరమ్మతులు చేయించాడు. ఒక ఆదివారం నేనూ షెడ్డుకు వెళ్ళాను. మెకానిక్ కారు కింది నుంచి ఒక తుప్పు రేకు పట్టుకొచ్చి, "సార్, ఇది కంపెనీది గాదు. ఎవరో ఎన్కట పెట్టిండ్రు. తీసేస్తే చప్పుడు బోతది" అన్నాడు. మిత్రుడు నావైపు చూశాడు. ఏళ్ళ తరబడి ఉష్ణవికిరణం పాఠం చెప్పిన నేను "తీసేయవయ్యా" అన్నాను. ఆ రేకును అక్కడ ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

ఫాల్గుణ మాసంలో ఆ కారులో లక్సెట్టిపేట, జన్నారం మీదుగా ఉట్నూరు బయలుదేరాం. జన్నారం దాటి అడవిలో పోతుండగా కాలిన వాసన వచ్చింది. కంగారులో మిత్రుడు కారును రోడ్డు దింపి ఆపాడు. వెనక సీటు ముందు పరచిన చాప ఎత్తి చూస్తే, అడుగున నల్లగా కమిలి పొగలు వస్తున్నాయి. మేము దానిమీద నీళ్ళు పోస్తుండగానే కారు కింది నుంచి మరో పొగ లేచింది. ఆ రోజుల్లో టేకుచెట్లు ఆకు రాల్చి ఉంటాయి. మేము కారు నిలిపింది ఆ ఎండుటాకుల మీదే! కారును ముందుకు నెట్టి, చెప్పుకాళ్ళతో తొక్కి, మిగిలిన నీళ్ళన్నీ పోసి ఆర్పాం. అది 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన కవ్వాల్ అడవి. గాలి కొంచెం ఎక్కువగా ఉంటే ఏమయ్యేదో నాకు ఇప్పటికీ ఊహించుకోవాలని లేదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఇంజిన్ దగ్గర ఆ గొట్టం వేడి 400 సెంటిగ్రేడు డిగ్రీలు దాటవచ్చు. వెనక్కు పోయేకొద్దీ తగ్గుతుంది. మధ్యలో ఎక్కడో 327 డిగ్రీలు ఉందనుకుందాం. కెల్విన్ మానంలో అది 600. మన గది వేడి 27 డిగ్రీలు, అంటే 300 కెల్విన్లు. వేడి రెట్టింపు అయింది కదా, వికిరణమూ రెట్టింపు అవుతుందని మీరు అనుకుంటే పొరపాటు. స్టీఫాన్, బోల్ట్జ్‌మన్ అనే శాస్త్రజ్ఞుల నియమం ప్రకారం వికిరణం కెల్విన్ ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్ని అనుసరిస్తుంది. రెండును నాలుగుసార్లు హెచ్చవేయండి: పదహారు రెట్లు! మిట్టమధ్యాహ్నపు ఎండ చదరపు మీటరుకు సుమారు 1000 వాట్లు ఇస్తుంది. తుప్పుపట్టిన గొట్టం ఆ వేడిలో చదరపు మీటరు వైశాల్యానికి 6000 వాట్ల వరకు వెదజల్లుతుంది. రామగుండంలో మే నెల ఎండకే మనం విలవిలలాడతాం. ఆరు ఎండలు ఒకేసారి కాస్తే చాప కమలడంలో వింత ఏముంది?

ఇక రేకు సంగతి. గొట్టం వంటి తుప్పు రేకునే మధ్యలో అడ్డం పెట్టినా నేలకు చేరే వికిరణం ఇంచుమించు సగమవుతుంది. ఎందుకంటే రేకు తాను వేడెక్కి, ఆ వేడిని పైకీ కిందికీ రెండువైపులా పంచుతుంది. అదే మెరిసే అల్యూమినియం రేకు అయితే పదో వంతుకన్నా తక్కువే పైకి పోతుంది. చంద్రయాన్ వంటి అంతరిక్ష నౌకలకు తళతళలాడే పొరలు చుట్టడం మీరు బొమ్మల్లో చూసే ఉంటారు. అవి అలంకారం కోసం కావు. హోటల్ వాళ్ళ టీ ఫ్లాస్కులో గాజుకు వెండి పూత వేసేదీ ఇందుకే.

అయితే రేకును గొట్టానికి అంటించి బిగిస్తే అంతా వృథా. అప్పుడు వేడి వికిరణం కోసం ఆగదు, ఉష్ణవహనం ద్వారా నేరుగా పాకుతుంది. గొట్టానికీ రేకుకూ, రేకుకూ నేలకూ కనీసం వేలి మందం సందు ఉండాలి. ఆ సందులో గాలి ఆడుతూ, వేడెక్కిన గాలి బయటికి పోతూ ఉండాలి. అందుకే రేకు అంచులు మూసేయకూడదు. నాలుగైదు చోట్ల మాత్రమే, కింద వాషర్లు పేర్చి బోల్టు వేయాలి. బోల్టు రంధ్రాలు కోలగా ఉండాలి. మీటరు పొడవు ఉక్కు 300 డిగ్రీలు వేడెక్కితే దాదాపు మూడున్నర మిల్లీమీటర్లు సాగుతుంది. దానికి చోటివ్వకపోతే రేకు వంగుతుంది, బోల్టు వదులవుతుంది, గలగల మొదలవుతుంది. చప్పుడు రేకు నేరం కాదు, బిగించినవాడి నేరం! అందంకోసం నల్లరంగు పూయడమూ తెలివితక్కువ పనే. మెరుపు పోతే సగం బలం పోయినట్టే.

ఒక హెచ్చరిక. పాతకాలపు వాహనాల్లో గొట్టాలకు ఆస్‌బెస్టాస్ గుడ్డ చుట్టేవారు. దాని సన్నని నూలుపోగులు ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ళ తర్వాత క్యాన్సర్ రావచ్చు. పాత కారు కింద బూడిదరంగు పీచు కనబడితే పీకకండి, ఊదకండి, పెద్దలకు చెప్పండి.

పాత కార్ల ప్రియులు నాకు ఒక జవాబు చెబుతారు: "కారు ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉండాలి. కంపెనీ పెట్టనిది మేమెందుకు పెట్టాలి?" ఆ పట్టుదలను నేను గౌరవిస్తాను. యాభై ఏళ్ళు దాటిన వాహనాల రిజిస్ట్రేషన్‌కు మన కేంద్ర ప్రభుత్వం 2021లో చేసిన నిబంధనలూ వాటి అసలు రూపం నిలవాలనే కోరుతున్నాయి. చాసిస్, బాడీ, ఇంజిన్ బాగా మారిపోకూడదంటాయి. బోల్టు విప్పితే ఊడివచ్చే రేకుముక్క అంత పెద్ద మార్పు అని నేను అనుకోను. కంపెనీ ఆ కారును గీసింది ఇంగ్లండు చలికి. అంబాసిడర్ ఇంజిన్‌లో కార్బురేటరూ, వేడి గొట్టమూ ఒకే వైపున ఉంటాయి. అక్కడ చెల్లిన ఏర్పాటు ఇక్కడ ఎండాకాలంలో పెట్రోలును దారిలోనే ఆవిరి చేసేది. మన డ్రైవర్లు పెట్రోలు పంపుకు తడిగుడ్డ చుట్టి బండి నడిపించారు. ఆ తడిగుడ్డా, మేము పారేసిన తుప్పు రేకూ కూడా ఆ కారు చరిత్రే కదా?

రేకు వల్ల ఇబ్బందులు లేకపోలేదు. దాని వెనక బురద, చెమ్మ నిలిచి నేలరేకు తుప్పు పట్టవచ్చు. ఎండుటాకులు ఇరుక్కుంటే కొత్త ప్రమాదం. వానాకాలం పోగానే ఒకసారి, ఆకు రాలే కాలంలో మరోసారి కడిగించాలి. ఇంకొక మాట: గొట్టంపైనుండే రేకు చాపను కాపాడుతుంది గాని కిందనున్న ఆకులను కాపాడదు. ఎండుగడ్డిమీద ఏ కారునూ నిలపకూడదు, కొత్త కారునైనా సరే.

మీరే చేసి చూడండి, పెద్దలను దగ్గర ఉంచుకొని. ఇస్త్రీపెట్టెను వేడిచేసి నిలువుగా పెట్టండి. జానెడు దూరంలో ఉష్ణమాపకం ఉంచి ఐదు నిమిషాల తర్వాత అంకె రాసుకోండి. మధ్యలో రొట్టెలు చుట్టే అల్యూమినియం కాగితం అంటించిన అట్టను నిలిపి మళ్ళీ చూడండి. తర్వాత ఆ కాగితానికి దీపపు మసి పూసి మూడోసారి చూడండి. అట్ట ఇస్త్రీపెట్టెకు తగలకూడదు.

మా మిత్రుడి కారుకు ఇప్పుడు కొత్త రేకు ఉంది. పాతదాని కోసం షెడ్డు వెనక పాత సామానులో వెదికాం గాని దొరకలేదు. దాని బోల్టు రంధ్రాలు కోలగా ఉన్నాయని మెకానిక్‌కు మాత్రం గుర్తుంది.