బెంచీ మీద కూర్చుంటే తప్పా?



మన హాస్టల్లో ఒక చెడ్డ అలవాటు ఉంది. బాగా ఆడేవాడు కాసేపు బెంచీ మీద కూర్చుంటే "భయపడ్డాడురా" అంటాం. కాలు నొప్పి అంటే "నాటకం" అంటాం. నేను ఈ మాటలకు పూర్తిగా వ్యతిరేకిని. ఎందుకో రాస్తాను, చదివాక తిట్టండి.

మన బాస్కెట్‌బాల్ జట్టునే తీసుకోండి. 10 నిమిషాల చొప్పున 4 క్వార్టర్లు. బయటికి వచ్చినవాడు ఎన్నిసార్లయినా మళ్ళీ లోపలికి పోవచ్చు. ఆటే ఇంత వీలు ఇస్తుంటే, మన పొడుగు సెంటర్ ఆటగాడు (పేరు రాయను, అందరికీ తెలుసు) మోకాలికి గుడ్డ కట్టుకుని 40 నిమిషాలూ ఆడుతున్నాడు. జట్టులో 12 మంది. ఐదుగురు ఆడతారు, ఏడుగురు నీళ్ళ సీసాలు మోస్తారు!

అమెరికాలో శాన్ ఆంటోనియో స్పర్స్ అని ఒక జట్టు. 2012 మార్చిలో వాళ్ళ టిమ్ డంకన్‌ను ఒక మ్యాచ్‌కి కూర్చోబెట్టి, కారణం దగ్గర "ముసలివాడు" అని రాశారు. అప్పటికి అతనికి 35 ఏళ్ళు. అదే ఏడాది నవంబరులో మయామీ మ్యాచ్‌కి ముందు డంకన్‌తో కలిపి నలుగురిని ఇంటికి పంపేస్తే లీగు వాళ్ళు 2,50,000 డాలర్ల జరిమానా వేశారు. టికెట్టు కొన్నవాడి బాధ నిజమే, కాదనను. కానీ 2013-14లో ఆ జట్టులో ఒక్కడు కూడా మ్యాచ్‌కి సగటున 30 నిమిషాలు ఆడలేదు. అక్కడ మ్యాచ్ 48 నిమిషాలు. కప్పు వాళ్ళదే! డంకన్‌కి అప్పుడు 38.

అంత దూరం ఎందుకు? మన వైజాగ్‌లోనే 2024 ఫిబ్రవరిలో ఇంగ్లండుతో టెస్టు జరిగింది. సిరీస్ పొడుగు కాబట్టి మన హైదరాబాద్ సిరాజ్‌కి ఆ టెస్టులో విశ్రాంతి ఇచ్చారు. బుమ్రా 9 వికెట్లు తీశాడు, 106 పరుగుల తేడాతో గెలిచాం. 2023లో వెన్నుకు ఆపరేషన్ అయిన మనిషి అతను. రాజ్‌కోట్‌లో కూడా ఆడించి, రాంచీ టెస్టుకి అతన్ని కూర్చోబెట్టారు. అక్కడ ఆకాశ్ దీప్‌ అనే కొత్తవాడు తన మొదటి టెస్టులో మొదటి పూటే 3 వికెట్లు తీశాడు. ఆ మ్యాచ్ కూడా గెలిచాం.

"వాళ్ళు పెద్ద ఆటగాళ్ళు, మనకీ వాళ్ళకీ పోలికేంటి?" అని మా రూములో వాదించారు. నిజమే, పోలిక లేదు. బుమ్రా ఒక టెస్టు మానేస్తే అతని స్థానం ఎక్కడికీ పోదు. మన స్నేహితుడు ఒక్క మ్యాచ్ మానేస్తే సెలక్షన్ పోతుంది, సర్టిఫికెట్ పోతుంది, దాంతో స్పోర్ట్స్ కోటా ఆశ కూడా పోతుంది. అందుకే నొప్పి దాస్తున్నాడు. రాత్రి మెట్లు ఎక్కేటప్పుడు రెయిలింగు పట్టుకుంటున్నాడు, చూశారా? వాడే వచ్చి "నన్ను కూర్చోబెట్టండి" అని ఎప్పటికీ అడగడు. అడిగే పరిస్థితి మనం ఉంచలేదు.

కాబట్టి ఈ నిర్ణయం వాడికి వదలకూడదు, డ్రిల్లు మాస్టారు తీసుకోవాలి. వరసగా రెండు రోజులు మ్యాచ్‌లుంటే ఒకటే ఆడించాలి. ఆడిన రోజు కూడా రెండు క్వార్టర్లు చాలు. విశ్రాంతి తీసుకున్నవాడి పేరు సెలక్షన్ లిస్టులోంచి తీయకూడదని రిజిస్టర్లో రాయాలి. వార్డెన్ గారికి మనవి: ముందు వాణ్ణి కె.జి.హెచ్.కి పంపి మోకాలు చూపించండి.

మన ఊళ్ళో స్టీలు ప్లాంటు కొలిమి రాత్రీ పగలూ మండుతుంది. దాని దగ్గర ఒకే మనిషిని నిలబెట్టరు కదా, షిఫ్టు మారుస్తారు. మొన్న స్టాఫ్ మ్యాచ్‌లో మాస్టార్లు ఐదు నిమిషాలకోసారి మారుతుంటే మనం పడీపడీ నవ్వాం. నా లెక్కలో ఆ రోజు తెలివిగా ఆడింది వాళ్ళే (ఓడిపోయారు, అది వేరే సంగతి).

మరి సెంటర్‌లో ఎవరు ఆడతారు అంటారా? ఎనిమిదో తరగతిలో ఇద్దరు పొడుగు పిల్లలున్నారు. ఆదివారం ప్రాక్టీసులో వాళ్ళకి బంతి ఇచ్చి చూడండి.