మట్టి ఇల్లు నిలిచిన ఊరు



అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరకో కూతురి దగ్గరకో వెళ్ళి ఆరు నెలలుండి వచ్చే తల్లిదండ్రులు ఇప్పుడు మన సంఘాల్లో చాలామంది ఉన్నారు. తిరిగి వచ్చాక నయాగరా జలపాతం ఫొటోలు, పెద్ద పెద్ద మేడల ఫొటోలు చూపిస్తారు. అవన్నీ చూడవలసినవే. అయితే పాలమూరు, నల్లగొండ ప్రాంతాల నుండి వెళ్ళేవారు, ముఖ్యంగా ఎం.బి. సంఘాలవారు, వీలైతే ఒక చిన్న ఊరు కూడా చూసి రావాలని నా మనవి. అది కాన్సాస్ రాష్ట్రంలోని హిల్స్‌బరో. జనాభా మూడు వేలకు లోపే. విచిటా నగరం నుండి కారులో సుమారు గంట ప్రయాణం. దారి పొడుగునా గోధుమ చేలే.

ఈ ఊరి పేరు మన పెద్దలు కొందరికి కొత్త కాదు. నాగర్‌కర్నూలు, వనపర్తి, దేవరకొండ, శంషాబాద్ మిషన్ కాంపౌండ్లలో పనిచేసిన మెన్నొనైట్ బ్రదరన్ మిషనరీలను పంపిన బోర్డు ఆఫీసు ఎన్నో ఏళ్ళు అక్కడే ఉండేది. మన ఊళ్ళ సంగతులు రాసిన ఉత్తరాలు ఓడల మీద అక్కడికి చేరేవి. వారి జర్మన్ భాషా పత్రిక ‘త్సియోన్స్‌బోటె’ కూడా చాలాకాలం ఆ ఊళ్ళోనే అచ్చయింది.

ఇంతకీ వారు ఎవరు? జర్మన్ మాట్లాడే రైతులు. రష్యాలో స్థిరపడి బాగానే బ్రతికారు. యుద్ధంలో ఆయుధం పట్టకూడదన్నది వారి విశ్వాసం. 1870లలో చక్రవర్తి ప్రభుత్వం సైన్యంలో చేరికను అందరికీ తప్పనిసరి చేయడానికి పూనుకుంది. దానితో వేలమంది పొలాలు, ఇళ్ళు అమ్ముకొని బయలుదేరారు. 1874లో ఒక గుంపు హిల్స్‌బరో దగ్గర శాంతా ఫే రైల్వే కంపెనీ భూమి కొని ఊరు కట్టుకుంది. దానికి గ్నాడెనావు అని పేరు పెట్టారు. కృపా మైదానమని చెప్పుకోవచ్చు. శీతాకాలాన్ని తట్టుకొనే ‘టర్కీ రెడ్’ గోధుమను ఆ ప్రాంతమంతటా పండించి పేరు తెచ్చినది వీరే.

చూడవలసిన వాటిలో మొదటిది మట్టి ఇల్లు. 1876లో పీటర్ లోవెన్ అనే రైతు కుటుంబం కట్టుకున్నది. అది చెట్లు లేని గడ్డి మైదానం, కలప కరువు. అందుకని బంకమన్నులో గడ్డి కలిపి, ఇటుకలు పోసి, ఎండబెట్టి గోడలు లేపారు. మనుషులుండే గదులు, పశువుల కొట్టం ఒకే కప్పు క్రింద ఆనుకొని ఉంటాయి. ఇంటి మధ్యలో పెద్ద ఇటుకల పొయ్యి ఉంటుంది. కట్టెలు లేక గడ్డి మోపులు కట్టి దానిలో మండించేవారు. గోడలకు పట్టిన వేడి రాత్రంతా గదులను కాచేది. మన పల్లె అమ్మలు లోపలికి అడుగు పెడితే చాలు, గైడు అక్కరలేదు. అలికిన గోడ, గడ్డి, గాదె అన్నీ తెలిసినవే.

ఇరుగుపొరుగు పల్లెలో ఉన్న ఆ ఇంటిని 1958లో హిల్స్‌బరోకు తరలించి నిలబెట్టారు. ఆలోచించండి, కోట కాదు, బంగళా కాదు, ఒక పేదరైతు మట్టి ఇల్లు! దాని చెంతనే పాత బడి ఒకటి, ఆనాటి గాలిమర నమూనాలో కట్టిన పిండిమర ఒకటి గలవు.

గోస్సెల్ అనే ఇంకా చిన్న ఊరు అక్కడికి దగ్గరే. అక్కడి మ్యూజియంలో గోధుమ గడ్డితో అల్లిన పెద్ద గంట ఉంది. ఫిలడెల్ఫియాలోని స్వాతంత్ర్యపు గంటకు నమూనాగా దీన్ని చేశారు.

తోటలంటే ఇష్టమున్నవారు హెస్టన్ పట్టణంలోని డైక్ వృక్షవనానికి వెళ్ళాలి. 1981లో మొదలైంది. గులాబీలు, రంగుల పూలబాటలు ఆశిస్తే నిరాశే. అక్కడ గొప్పతనమంతా గడ్డిది. నాగలి దిగకముందు ఆ నేలలో ఏ గడ్డి, ఏ అడవి పూలు ఉండేవో వాటినే పెంచుతారు. కొన్ని రకాలు శరదృతువు నాటికి మనిషెత్తు పెరిగి ఎర్రబారతాయి. నాకైతే పూలతోటకంటె ఇదే నచ్చుతుంది.

కూర్చొని రొట్టెలు తినడానికి మేరియన్ పట్టణంలోని సెంట్రల్ పార్కు బాగుంటుంది, మధ్యలో వాగు పారుతుంది. కొంచెం అవతల కౌంటీ చెరువు ఉంది. 1930ల కరువు రోజుల్లో ప్రభుత్వ ఉపాధి పథకం క్రింద దానిని కట్టినవారు మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసి వచ్చిన నల్లజాతి సైనికులు. గట్టున నడిచేవారిలో ఎందరికి ఈ సంగతి తెలుసో!

గోధుమ కోత జూన్‌లో. అప్పుడు ఎండ మన ఎండలాగే ఉంటుంది. సెప్టెంబరు, అక్టోబరు నెలలు హాయి. జనవరిలో పెద్దవాళ్ళు పోనే వద్దు.

చివరగా ఒక పని. హిల్స్‌బరోలో 1908లో స్థాపించిన టేబర్ కళాశాల ఉంది. సంఘ చరిత్రకు సంబంధించిన పాత కాగితాలను అక్కడ భద్రపరుస్తారు. ఆనాటి మిషన్ ఫొటోలలో దొరగారి పేరు, దొరసానిగారి పేరు క్రింద రాసి ఉంటాయి. ప్రక్కన తలపాగాతో నిలిచిన ఉపదేశకుని పేరు, పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకున్న బైబిలు స్త్రీ పేరు చాలాసార్లు ఉండవు. కనుక బయలుదేరే ముందు మీ ఇంట్లో పెద్దవారిని అడగండి. తాతగారు ఏ స్టేషన్లో, ఏ సంవత్సరాల్లో పనిచేశారు, నాయనమ్మ ఏ బోర్డింగులో చదివింది, కాగితం మీద రాసుకోండి. ఇంట్లో పాత ఫొటో ఉంటే నకలు తీసుకొని వెంట పెట్టుకోండి. ఆ ముఖాలను గుర్తుపట్టగలవారు మన సంఘాల్లో ఇక కొద్దిమందే ఉన్నారు, వారికీ ఎనభై దాటాయి.