చెక్కకూ ఓ ఆసరా కావాలి

మైటర్ రంపం కొన్న మొదటి వారం నా కాళ్లు నేల మీద నిలవలేదంటే నమ్మండి. 10 అంగుళాల బ్లేడు, కావలసిన కోణానికి తిప్పుకునే పళ్లెం, చిటికెలో కోత! దాన్ని షెడ్డులో నేలమీదే పెట్టి, గొంతుక్కూర్చుని అమ్మ ఫొటోకి ఫ్రేము కోయడం మొదలెట్టాను.

8 అడుగుల టేకు బద్ద. కోత పూర్తికావస్తుండగా, గాల్లో ఉన్న కొస బరువుకి కిందికి వాలింది. ఇవతలి కొస పైకి లేచి రంపం పళ్లకు తగిలింది. అంతే, ముక్క నా చెవి పక్కనుంచి దూసుకెళ్లి గోడకు కొట్టుకుంది. గుమ్మంలో మా మనవడు నిలబడి ఉన్నాడు. రెండడుగుల ఎడంలో గండం తప్పింది.

మర్నాడు మా వీధి వడ్రంగి మేస్త్రి వచ్చి చూసి ఒక్కటే మాటన్నాడు.

"మిషన్ మంచిదే సార్. మీరే చెక్కని గాల్లో పెట్టారు."

ఆ మాటతోనే స్టాండు పని మొదలైంది. నడుమెత్తున రెండు పెట్టెలు, వాటి మధ్య రంపం కూర్చునే పల్లపు అర. అసలు కిటుకంతా ఆ పల్లంలోనే ఉంది. రంపం పళ్లెమూ, రెండు పక్కల బల్లలూ ఒకే మట్టానికి రావాలి. నేను 19 ఎం.ఎం. ప్లైవుడ్ వాడాను. రంపం కింద నాలుగు బోల్టులు పెట్టి, వాటిని తిప్పుతూ ఎత్తు సరిచేశాను. రసమట్టం ఒక్కటే చాలదు. పొడుగాటి అల్యూమినియం పట్టీని మూడింటిమీదా ఆనించి, కింద వెలుతురు కనబడకుండా చూసుకోవాలి.

ఎడమ బల్ల మీద వెనక ఓ ఆనుగోడ, దానికి బిగించే చిన్న చెక్క దిమ్మ. కొలత ఒక్కసారే. తర్వాత బద్దను దిమ్మకు ఆనించి కోస్తే, ఎన్ని ముక్కలైనా ఒకే పొడవు. దిమ్మ అడుగు మూల కాస్త చెక్కేయండి, పొట్టు చేరి కొలత తప్పించదు. దిమ్మ ఒకవైపే ఉండాలి. తెగిపడే ముక్కకు అడ్డు ఉంటే, బ్లేడుకీ దానికీ మధ్య ఇరుక్కుని ఎగురుతుంది. చేతులు బ్లేడుకి 6 అంగుళాల దూరంలో ఉండాలి. బ్లేడు పూర్తిగా ఆగాకే పైకెత్తాలి.

ఇంత హడావుడి ఎందుకంటారా? మొదటి ఫ్రేము ఎలాగో పూర్తిచేశాను గానీ, నాలుగో మూల నోరు తెరిచింది. లెక్క చూడండి. ఫ్రేముకి 8 కోతలు. ఒక్కో కోత ఒకే వైపు అర డిగ్రీ తప్పితే, మొత్తం 4 డిగ్రీలు. మూడు మూలలు బిగించాక ఆ తప్పంతా చివరి మూలకు చేరుతుంది. ఎదురెదురు బద్దల పొడవులో మిల్లీమీటరు తేడా ఉన్నా అంతే. అందుకే కొత్త బద్ద కోసే ముందు రెండు చిన్న ముక్కలు 45 డిగ్రీలకు కోసి, కలిపి, మూలమట్టం ఆనించి చూస్తాను.

అమ్మ ఫొటో ఇప్పుడు రెండో ఫ్రేములో, హాల్లో ఉంది. నాలుగు మూలలూ గోరు పట్టనంత దగ్గరగా కలిశాయి. పాత ఫ్రేము పారేయలేదు. స్టాండు పైన గోడకు తగిలించాను, స్విచ్ వేసే ముందు కంటబడేలా. మనవడు మాత్రం షెడ్డులోకి రావాలంటే ఇంకా నా అనుమతి తీసుకోవాల్సిందే. ఆ విషయంలో ఏ స్టాండునీ నేను నమ్మను.